ఎడమ కాలితో ఒక సాయంత్రం

శనివారం.

నాలుగున్నరకి మా బడి పిల్లల ఫుట్‌బాల్ ప్రాక్టీస్‌కని గ్రౌండ్‌కి వెళ్లాను. పదహారు మందికి పద్నాలుగు మందే వచ్చారు. ఇవాళంతా ఎడమ కాలితోనే ఆడాలని, కుడి కాలు బంతికి తగిలితే ఫౌల్ ఇస్తానని చెప్పాను. మా ఫార్వర్డ్ బంతి దగ్గరికి పరుగెత్తి, అలవాటుగా కుడి కాలు లేపి ఆగిపోయాడు. ఎడమ కాలితో తన్నబోతే బంతి పాదం అంచున జారి పక్కకి పోయింది. మళ్లీ అంతే. "సార్, ఇది నా కాలే కాదనిపిస్తోంది" అన్నాడు. అరగంట తర్వాత ఒకే ఒక్క పాస్, నేల మీదుగా తిన్నగా వెళ్లి తోటివాడి కాళ్ల దగ్గర ఆగింది. వెంటనే నా వైపు తిరిగాడు. ఆ ముఖం ఇంకా నా కళ్ల ముందే ఉంది.

ఈ పద్ధతి రహీం సాబ్‌ది. సయ్యద్ అబ్దుల్ రహీం. మన హైదరాబాద్ మనిషి, నాలాగే బడిలో పాఠాలు చెప్పిన మనిషి. 1950 నుంచి 1963లో పోయేదాకా భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్. బలం లేని కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది ఆయన చేతుల్లోనే.

మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో కోచ్‌ల మాటే వచ్చింది. ఇంగ్లండ్‌లో ఏదో ఫుట్‌బాల్ క్లబ్ మళ్లీ మేనేజర్‌ని, అంటే కోచ్‌ని, మార్చిందట. మంచి మేనేజర్‌కి ముందు కావాల్సింది వ్యూహమా, డబ్బున్న క్లబ్బా అని లెక్కల మాస్టారు అడిగారు. నాకు జకార్తా గుర్తొచ్చింది. 1962 ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా, మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. స్టేడియమంతా మనకి వ్యతిరేకం. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి అంతకుముందే తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే విశ్రాంతి ఇచ్చేవారు. రహీం సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా దింపారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారం మనది. కుట్లు పడ్డ మనిషిలో గోల్ కొట్టేవాణ్ని చూడగలగడం ఏ వ్యూహాల పుస్తకంలో దొరుకుతుంది? అప్పటికే ఆయన క్యాన్సర్‌తో ఉన్నారు. మరుసటి జూన్‌లో పోయారు.

అందరూ ఆ ఫైనల్ గురించే చెబుతారు. నాకు మాత్రం బలరాం సంగతే పెద్దది. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రాడు. హైదరాబాద్ వచ్చి ప్రాక్టీస్ చేయడానికి చేతిలో డబ్బుల్లేవు. రహీం సాబ్ అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చి రప్పించారు. ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నాడు, జకార్తాలోనూ ఆడాడు. కుర్రాడి ఆట ఒక్కటే చూస్తే ఈ ఇబ్బంది ఆయనకి ఎలా తెలుస్తుంది?

ఇది మాస్టారికి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. మా జట్టులో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడే కుర్రాడు వారం నుంచి ప్రాక్టీస్‌కి రావడం లేదు. శ్రద్ధ లేదనుకుని రిజిస్టర్‌లో వాడి పేరు కొట్టేశాను.

సాయంత్రం విజిల్ ఊదాక వాడి దోస్తుని పక్కకి పిలిచాను.

"ఏరా, వాడు ఎందుకు రావట్లేదు?"

"ప్రాక్టీస్ అయ్యేసరికి స్కూల్ బస్సు వెళ్లిపోతుంది కదా సార్. ఆటోకి రోజూ డబ్బులు అడగలేడు."

వారం రోజులు అడగకుండా ఉన్నది నేనే.

ఇంటికొచ్చాక మెట్ల కింద నుంచి అమ్మాయి పాత సైకిల్ బయటికి లాగాను. రెండు టైర్లలోనూ గాలి లేదు. గొలుసుకి తుప్పు పట్టింది. కొబ్బరి నూనె రాసి తిప్పితే కదిలింది. వెనక బ్రేకు పడటం లేదు, రేపు పొద్దున్నే షాపుకి తీసుకెళ్లాలి. సీటు కాస్త ఎత్తు చేయించాలి, వాడు ఈ ఏడాది బాగా పొడుగయ్యాడు.