పెద్ద బండి, ఇన్సూరెన్సు, ఒక ఎర్ర బకెట్టు: నా అనుభవం

నా క్లెయిము ముగిసిందంటూ నిన్న సాయంత్రం ఇన్సూరెన్సు కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. నలభై ఒక్క రోజులు సాగిన ఈ వ్యవహారంలో కష్టమైనదంతా ఒకే ఒక్క మధ్యాహ్నం జరిగింది కాబట్టి, ఆ మధ్యాహ్నం ఇంకా పచ్చిగా ఉండగానే రాసిపెట్టుకుంటున్నాను. పంతొమ్మిదేళ్లుగా కారు నడుపుతూ ఒక్కసారి కూడా క్లెయిము పెట్టని మనిషిని నేను. ఆ మాట ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పుకునే అలవాటు కూడా ఉంది.

పాత సెడాన్‌ను అమ్మి, మూడు వరుసల సీట్లున్న పెద్ద ఎస్‌యూవీ కొనడానికి ఇంట్లో నేను చెప్పిన కారణం భద్రత. అది అబద్ధం కాదు. బరువైన బండీ తేలికైన బండీ ఢీకొన్నప్పుడు బరువైనదానిలో ఉన్నవారికి కుదుపు తక్కువగా తగులుతుంది. ఒకప్పుడు ఎస్‌యూవీలు పల్టీ కొడతాయన్న చెడ్డపేరు ఉండేది. చక్రాల మధ్య వెడల్పునూ, గరిమనాభి ఎత్తునూ లెక్కగట్టి, అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2001 మోడళ్ల నుంచి ఆ ప్రమాదానికి స్టార్ రేటింగు ఇవ్వడం మొదలుపెట్టింది. అదుపు తప్పబోయే బండికి ఒక్కొక్క చక్రం దగ్గర విడిగా బ్రేకు వేసి నిలబెట్టే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అక్కడ 2012 మోడళ్ల నుంచి తప్పనిసరి అయ్యాక ఆ చెడ్డపేరు చాలావరకు తగ్గింది. ఇవన్నీ చదివే కొన్నాను. లోపల కూర్చున్నవారి గురించి రాసినదంతా చదివాను గాని, బయట నిలబడినవారి గురించి రాసినది ఒక్క పేజీ కూడా చదవలేదు.

అప్పు, రిజిస్ట్రేషను, డెలివరీ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి.

మొదటి చికాకు ప్రీమియం దగ్గర వచ్చింది. పాత కారుకు కట్టినదానికి ఒకటిన్నర రెట్లు దాటిన ఆ అంకె చూసి, ఇంకా సురక్షితమైన బండికి ప్రీమియం తగ్గాలి గాని పెరగడమేమిటని ఏజెంటును అడిగాను. "పెద్ద బండి కదండీ, అంతే ఉంటుంది" అన్నారు. ఎందుకని రెండోసారి అడిగితే, కంప్యూటరు అలా చూపిస్తోందన్నారు. తన చేత్తో అమ్మే సరుకు ధర ఎందుకంత ఉందో చెప్పలేని మనిషి దగ్గర సంతకం పెట్టకూడదని నాకు అప్పుడే తోచి ఉండవలసింది.

జవాబు అంత కష్టమైనదేమీ కాదు. మోటారు పాలసీ చూడడానికి ఒక్కటే అయినా అందులో మూడు వేర్వేరు లెక్కలుంటాయి: బండిలో ఉన్నవారికి తగిలే దెబ్బలు, బండికి జరిగే నష్టం, మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టం. పెద్ద ఎస్‌యూవీ మొదటి లెక్కలో మంచి మార్కులు తెచ్చుకుంటుంది. రెండోదానిలో విడిభాగాల ఖరీదు దాన్ని కిందికి లాగుతుంది. మూడోదానిలో, ముఖ్యంగా ఎదుటివారి బండికి చేసే నష్టంలో, తప్పుతుంది. జర్మనీలో ఈ సంగతిని దాచకుండా ప్రతి మోడలుకూ ఎదుటివారి నష్టానికి 10 నుంచి 25 వరకు ఒక తరగతిని, సొంత బండికి జరిగే నష్టాన్ని భరించే పూర్తి కవరుకు 10 నుంచి 34 వరకు మరొక తరగతిని విడివిడిగా ఇస్తారు. భారతదేశంలో పెట్రోలు, డీజిలు కార్ల థర్డ్ పార్టీ ప్రీమియానికి, అంటే ఎదుటివారి నష్టం కోసం కట్టేదానికి, ఇంజను సామర్థ్యమే కొలత. 1000 సీసీ దగ్గర ఒక గీత, 1500 సీసీ దగ్గర ఇంకొక గీత గీసి, ఆ పైనున్నవాటన్నిటికీ ఒకే రేటు వేస్తారు. బండి బరువు గాని, బానెట్టు ఎత్తు గాని ఆ లెక్కలోకి రావు. నాకు జరిగినది చూశాక, బానెట్టు ఎత్తును లెక్కలోకి తీసుకోని ఏ పద్ధతైనా నాకు అసంపూర్ణంగానే కనిపిస్తోంది.

ఇక జరిగినది. పార్కింగు నుంచి బయటికి వెళ్లే గేటు దగ్గర నా ముందు ఒక సెడాను ఆగి ఉంది. గేటు కర్ర లేచింది, ఆ కారు కదిలింది, నేను బ్రేకు మీద నుంచి కాలు తీశాను. అది రెండడుగులు వెళ్లి మళ్లీ ఆగింది. నా బండి అప్పటికి మనిషి నడిచే వేగం కూడా అందుకోలేదు. దిగి చూస్తే నా నంబరు ప్లేటు వంగింది, బంపరు మీద అరచేయంత గీత పడింది. ఆ కారు డిక్కీ మూత మధ్యకు మడత పడి పైకి లేచింది, వెనక లైట్లు రెండూ పగిలాయి, రివర్సు కెమెరా తీగకు వేలాడుతోంది. వెనక సీటులో పిల్లల సీటు ఒకటి బిగించి ఉంది, అది ఖాళీగా ఉంది. ఆ కారు నడుపుతున్నావిడ కేకలేమీ వేయలేదు. "మీకు నేను కనిపించలేదా అండీ?" అని మాత్రం అడిగారు. "మీరు ఉన్నట్టుండి ఆపారు" అన్నాను నేను.

ఆ మాటనే క్లెయిము ఫారంలో కూడా రాశాను. ఫోన్‌లో క్లెయిము నమోదు చేయడానికి మూడు రోజులు పట్టింది. ముగ్గురు మనుషులు మూడు క్లెయిము నంబర్లు ఇచ్చారు, నాలుగో మనిషి ఆ మూడూ లేవన్నారు. దయచేసి ఎవరూ ఫోన్‌ను నమ్ముకోకండి, ప్రతి మాటా మెయిలులోనే పెట్టండి. ఆ కంపెనీ ఫోన్‌లో వినిపించే సంగీతం నాకు ఇప్పటికీ నిద్రలో వస్తోంది.

రెండు బండ్లనూ ఒకే షెడ్డుకు రప్పించారు. నష్టాన్ని అంచనా కట్టడానికి కంపెనీ తరఫున వచ్చిన సర్వేయరు అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి. చేతిలో ఇనుప టేపు, జేబులో రెండు రంగుల పెన్నులు. పలకరింపు కూడా లేకుండా మోకాళ్ల మీద కూర్చుని, నా బంపరు వెనకున్న గట్టి దూలం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచారు. తరువాత ఆ కారు వెనక దూలాన్ని కొలిచారు. రెండు అంకెలూ నోటుబుక్కులో ఎర్రపెన్నుతో రాసి నాకు చూపించారు. "రెండు పొట్టేళ్లు కొట్టుకుంటే కొమ్ముకు కొమ్ము తగలాలి సార్. మీది దాని తల మీదుగా పోయి వీపు మీద పడింది" అన్నారు. ఆ కారు దూలానికి నిజంగానే గీత కూడా లేదు. దెబ్బను కాచుకోవడానికి పెట్టిన ఇనుము చెక్కుచెదరకుండా ఉండగా, దాని పైనున్న రేకూ, లైట్లూ, తీగలూ నుజ్జయ్యాయి.

తరువాత నా ఫారం తీసి, షెడ్డులో ఉన్న నలుగురు మెకానిక్కులకూ వినిపించేలా చదివారు. "ముందు కారు ఉన్నట్టుండి ఆగినందువల్ల. సరే. డిక్కీ మీకు కనిపిస్తోందా అప్పుడు?" అని అడిగారు. దాని పైకప్పూ వెనక అద్దమూ కనిపించిన మాట నిజం కాబట్టి, కనిపించిందనే చెప్పాను. ఆయన వాదించలేదు. నన్ను డ్రైవరు సీటులో కూర్చోమని, షెడ్డు కుర్రాడిని పిలిచి, చక్రాలు కడిగే ఎర్ర బకెట్టు తెప్పించారు. బకెట్టును నా బంపరుకు ఆనించి పెట్టి కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతారట. కనిపించిన క్షణాన నేను హారను కొట్టాలట.

పంతొమ్మిదేళ్ల అనుభవమున్న డ్రైవరును బకెట్టుతో పరీక్షించడమేమిటని నాకు ఒళ్లు మండింది. మెడ సాచి చూశాను. బానెట్టు అంచు అవతల ఎర్రగా ఏదో కదిలింది. వెంటనే హారను కొట్టాను. షెడ్డంతా ఘొల్లుమంది. బకెట్టు ఇంకా నా బంపరుకే ఆనుకుని ఉంది. నేను చూసినది కుర్రాడి భుజం మీది ఎర్ర తుడుపు గుడ్డ. సర్వేయరు నవ్వలేదు, అదే నాకు ఎక్కువగా గుచ్చుకుంది. "మళ్లీ చూద్దాం సార్, తొందర లేదు" అన్నారు.

రెండోసారి నేను కదలకుండా కూర్చున్నాను. కుర్రాడు వంగి బకెట్టును ఒక్కొక్క జానెడు జరుపుతున్నాడు. వంగినప్పుడల్లా వాడు కూడా మాయమవుతున్నాడు, లేచినప్పుడు మాత్రం తల తేలుతోంది. ఎంతసేపటికీ ఎరుపు కనిపించదు. చివరికి అంచు సన్నగా కనబడి హారను కొట్టినప్పుడు ఆయన టేపు సాగదీశారు: 11 అడుగులు. ఆ 11 అడుగుల మేరలో మోకాలెత్తుకు మించనిది ఏదున్నా నాకు కనిపించదని, నేను కొన్న ఎత్తు సీటు నాకు దూరాన్ని చూపించి దగ్గరను దాచిందని, ఆ షెడ్డులో అందరికన్నా ఆలస్యంగా తెలుసుకున్నది నేనే.

"సెన్సారు కూయలేదా?" అని అడిగారాయన. కూసి ఉండేది. ట్రాఫిక్కులో ఊరికే కూస్తోందని కొన్న రెండో వారంలోనే నేను దాని నోరు నొక్కేశాను. ఆ మాట కూడా నలుగురి ముందూ చెప్పవలసి వచ్చింది.

ఆ రాత్రి నిద్రపట్టక చదవవలసిన మిగతాదంతా చదివాను. అమెరికాలో కార్ల బంపర్లు నేల నుంచి 16 నుంచి 20 అంగుళాల మధ్య చిన్న దెబ్బలను కాచుకోవాలని నియమం ఉంది; అది కార్లకే గాని ఎస్‌యూవీలకు వర్తించదు. అంటే మా రెండు దూలాలూ కలుసుకోకపోవడం నా దురదృష్టమేమీ కాదు, కలుసుకోవాలని ఆ నియమం అడగనే లేదు. అక్కడి ఇన్సూరెన్సు సంస్థలు నడిపే ఐఐహెచ్‌ఎస్ అనే పరిశోధన సంస్థ 2010లో ఒకే కంపెనీ తయారుచేసిన చిన్న ఎస్‌యూవీనీ కారునూ గంటకు 10 మైళ్ల వేగంతో ఢీకొట్టించి, బంపర్లు ఒకదాన్నొకటి తప్పించుకుని పోవడం వల్ల మరమ్మతు ఖర్చు ఎలా పెరుగుతుందో చూపించింది. అదే సంస్థ 2023లో ప్రకటించిన మరొక అధ్యయనం చదువుతూ లేచి కూర్చున్నాను: బానెట్టు ముందు అంచు 40 అంగుళాలకు మించి ఎత్తున్న బండ్లు పాదచారులను గుద్దినప్పుడు, 30 అంగుళాలో అంతకన్నా తక్కువో ఎత్తుండి ముందుకు వాలుగా ఉన్న బండ్లకన్నా, ప్రాణం తీసే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువ. తెల్లవారాక వెళ్లి నా బండిని కొలిచాను. 44 అంగుళాలు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఇంట్లో చెప్పుకున్న ఆ భద్రతలో కొంత భాగం నేను డబ్బిచ్చి కొన్నది కాదు, పక్కవారి దగ్గర అడగకుండా తీసుకున్నది. దానికి ఎంతో కొంత ధర కట్టే చోటు నాకు తెలిసినంతలో ఆ మూడో లెక్క ఒక్కటే. అలాంటి ప్రీమియం మీద ఏజెంటుతో పోట్లాడినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. కారణం చెప్పలేకపోయినందుకు ఆయన మీదున్న కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు షెడ్డుకు వెళ్లి ఫారం మార్చి రాశాను: "ముందున్న కారు డిక్కీ నాకు కనిపించలేదు, దూరాన్ని తప్పుగా అంచనా వేశాను." సర్వేయరు చదువుకుని నీలం పెన్నుతో టిక్కు పెట్టారు. ఆ తరువాత అన్నీ చకచకా జరిగాయి. ఆవిడ కారు బిల్లు మొత్తం కంపెనీయే చెల్లించింది. నా బండికి రంగు పని చిన్నదే అయినా బంపరు వెనకున్న రాడారును తిరిగి సరిచేయించడానికి అంతకు మూడింతలైంది. పెద్ద బండి కొనబోయేవారు, అరచేయంత గీతకు అలాంటి బిల్లు వస్తుందా అని షోరూములో కాకుండా షెడ్డులో అడగండి. ప్రీమియాన్ని ముందుగా కాగితం మీద రాయించుకోండి. బకెట్టు పరీక్ష షోరూములోనే చేయించండి. అక్కడ నవ్వినా బండి ఇంకా మీది కాదు. సర్వేయరుతో ఎన్నడూ పందెం కట్టకండి.

క్లెయిము పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిము బోనస్సు, సున్నా అయింది. నిన్న మెసేజి వచ్చిన గంటకే ఏజెంటు ఫోను చేసి, క్లెయిము పెట్టినా బోనస్సు పోకుండా కాపాడే అదనపు కవరు ఒకటి ఉందని, ఈసారి తప్పక తీసుకోమని చెప్పారు. అది కొన్నప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పంతొమ్మిదేళ్లుగా క్లెయిము పెట్టలేదని మీరే అన్నారు కదండీ" అన్నారు.