ఔట్‌పాస్ మీద వచ్చినవాడి మొదటి కాగితం

2018 నవంబరులో ఒక తెల్లవారుజామున శంషాబాద్ విమానాశ్రయంలో దిగాను. పాస్‌పోర్టు లేనివాళ్లు స్వదేశానికి రావడానికి మన కాన్సులేట్ ఇచ్చే కాగితం ఎమర్జెన్సీ సర్టిఫికెట్, మన వాళ్ల మాటలో ఔట్‌పాస్. ఇమ్మిగ్రేషన్ అధికారి నా చేతిలోని ఆ సర్టిఫికెట్ తీసుకొని, వివరాలు ఎక్కించుకొని, పక్కనున్న కట్టలో పెట్టేశాడు. ఇక వెళ్లమన్నాడు. నేను కదలలేదు.

"సార్, అది తిరిగి ఇవ్వరా?"

"ఒక్క ప్రయాణానికే ఇచ్చే కాగితం ఇది. మన దేశంలో అడుగు పెట్టావు, దాని పని అయిపోయింది" అన్నాడు. విసుక్కోలేదు, మంచిగానే చెప్పాడు.

బయటికి వచ్చేసరికి నా పేరు ఉన్న కాగితం నా దగ్గర ఒక్కటే మిగిలింది. ఆ సర్టిఫికెట్‌కే షార్జాలో తీయించిన జిరాక్స్. అది కూడా నా తెలివి కాదు. మా గదిలో ఉండే కథలాపూర్ అన్న పట్టుబట్టి నాలుగు కాపీలు తీయించాడు. "అక్కడ దిగగానే అసలుది తీసేసుకుంటారు తమ్మీ, దీన్ని మాత్రం ప్రాణంలా దాచుకో" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో తర్వాత తొమ్మిది నెలలు తిరిగితే తెలిసింది.

మాది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. 2008లో షార్జా వెళ్లాను, భవన నిర్మాణంలో కూలీగా. దిగిన రోజే కంపెనీ మనిషి మా పాస్‌పోర్టులన్నీ ఒక సంచిలో వేసుకొని పోయాడు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని యజమాని దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారం కూడా తప్పు. అప్పుడు ఈ రెండు సంగతులూ నాకు తెలియవు. తెలిసినా అడిగే ధైర్యం ఉండేది కాదు. 2009 చివర్లో దుబాయిని అప్పుల సంక్షోభం చుట్టుముట్టినప్పుడు మా పనులు ఆగిపోయాయి. ఐదు నెలల జీతం రాలేదు. క్యాంపు విడిచి బయట పనికి వెళ్లాను. పారిపోయానని కంపెనీ నా మీద కేసు రాయించింది. ఆ రోజు నుంచి నేను ఖల్లివల్లి. మా జిల్లాల్లో ఈ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేదు. వదిలేయ్, పోనీ అనడానికి అరబ్బులు వాడే మాట అది. మన వాళ్లు దాన్ని మనిషికి పేరుగా పెట్టారు. ఏ లెక్కలోనూ లేనివాడు.

2012 డిసెంబరు 4 నుంచి రెండు నెలలు అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది, అంటే నాలాంటివాళ్లు జరిమానా కట్టకుండా దేశం విడిచి పోవచ్చు. నేను రాలేదు. వెళ్లడానికి చేసిన అప్పు తీరలేదు, ఖాళీ చేతులతో ఊరికి ఎలా పోవాలి అనుకున్నాను. ఆ నిర్ణయానికి నేను ఇప్పటికీ బాధపడతాను. 2015లో బాపు పోయాడు. కొరివి మా చిన్నాన్న కొడుకు పెట్టాడు. గడువు దాటి ఉన్నందుకు అప్పట్లో రోజుకు 25 దిర్హాంలతో మొదలై పెరిగిపోయే జరిమానా నా నెత్తిన ఉంది. అది కట్టి రావడం నా జన్మలో అయ్యే పని కాదు.

2018 ఆగస్టు 1న మళ్లీ క్షమాభిక్ష మొదలైంది. ఈసారి ఆలోచించలేదు. పాస్‌పోర్టు లేనివాళ్లు ముందు మన కాన్సులేట్ నుంచి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. మన వాళ్లు దాన్నీ, అక్కడి ప్రభుత్వం ఇచ్చే నిష్క్రమణ అనుమతినీ కలిపి ఔట్‌పాస్ అనేస్తారు. భారతీయుడినని చూపడానికి ఏదో ఒక ఆధారం కావాలన్నారు. నా భార్య ఇనుప పెట్టె వెతికి పదో తరగతి మెమో, పాత తెల్ల రేషన్ కార్డు ఫోనులో ఫొటోలు తీసి పంపింది. దరఖాస్తు నింపుతూ రాష్ట్రం అన్న గడిలో ఆంధ్రప్రదేశ్ అని, జిల్లా గడిలో కరీంనగర్ అని రాశాను. పక్కనుండి సాయం చేస్తున్న తెలుగు కుర్రవాడు నా చేయి పట్టుకొని ఆపాడు. "అన్నా, తెలంగాణ వచ్చి నాలుగేళ్లయింది. మెట్‌పల్లి ఇప్పుడు జగిత్యాల జిల్లా."

తెలంగాణ వచ్చిన సంగతి నాకు తెలియక కాదు. 2014 జూన్ 2 రాత్రి మా గదిలో మిఠాయిలు పంచుకున్నాం. కానీ నా చిరునామా కూడా మారుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

వేలిముద్రలు, పారిపోయిన కేసు ఎత్తివేత, ఎగ్జిట్ అనుమతి, టికెట్, ఇవన్నీ కలిపి మూడు వారాలు పట్టాయి. క్యూలు పొడవుగా ఉన్నా పని జరిగింది. నిజం చెప్పాలంటే దేశం విడిచి రావడం తేలికగా అయింది. సొంత ఊరిలో నేను ఫలానా అని రుజువు చేసుకోవడమే కష్టమైంది.

నేను ఊరు విడిచిన 2008లో ఆధార్ లేదు. దేశంలో మొదటి ఆధార్ సంఖ్య 2010 సెప్టెంబరులో ఇచ్చారు. మా ఊళ్లో అందరూ వరుసలో నిలబడి కళ్లూ వేళ్లూ ఇచ్చిన రోజుల్లో నేను షార్జాలో సిమెంటు మోస్తున్నాను. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ముంబై నుంచి, భివండి నుంచి కూడా జనం ఆ ఒక్క రోజు కోసం ఊళ్లకు చేరుకున్నారు. నేను చేరుకోలేదు. ఆ తర్వాత వచ్చిన ఆహార భద్రత కార్డులో మా ఇంటివి మూడు పేర్లే ఉన్నాయి: అమ్మ, నా భార్య, మా అబ్బాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి. ఓటరు జాబితాలో నా పేరు ఎప్పుడు తీసేశారో ఎవరికీ తెలియదు. యుద్ధం వల్లో, తరిమివేత వల్లో ఇల్లు విడిచి ఇంకో దేశం చేరినవాళ్లు మొదటి గుర్తింపు కార్డు కోసం ఎంత తిరుగుతారో పేపర్లో చదివేవాణ్ని. వాళ్ల కష్టంతో నా కష్టం సమానం కాదు, వాళ్లకు తిరిగి వెళ్లే ఊరే ఉండదు. కానీ పుట్టిన ఊళ్లోనే కౌంటర్ ముందు నిలబడి, ఏ కార్డు ఉంది అని అడిగితే ఏదీ లేదని చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు ఎలా పట్టుకుంటుందో నాకు తెలిసింది.

ఆధార్ నమోదుకు గుర్తింపు కాగితం ఒకటి, చిరునామా కాగితం ఒకటి కావాలి. పాత తెల్ల కార్డు చూపించాను. దానికోసం అప్పట్లో కంటిపాపను కూడా ఫొటో తీశారు. అది ఇప్పుడు చెల్లదన్నారు. పాస్‌పోర్టు లేదు. ఓటరు కార్డు లేదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ అడిగారు. ఆధార్‌కు బ్యాంకు పుస్తకం పెట్టవచ్చన్నారు. ఈ రెంటి మధ్య వారం తిరిగాను. కుటుంబ పెద్ద వచ్చి వేలిముద్ర వేసి ఇతను మావాడే అని చెప్తే నమోదు చేసే పద్ధతి ఒకటి ఉంది. కానీ ఇద్దరికీ ఉన్న బంధుత్వాన్ని చూపే కాగితం కావాలి. రేషన్ కార్డులో నేను లేను. మా పెళ్లికి రిజిస్ట్రేషన్ లేదు. నా భార్య ఆ ఆపరేటర్ ముందు నిలబడి, "పన్నెండేళ్ల కింద ఊరందరి ముందు కట్టాడండీ తాళి, కాగితం రాసుకోవాలని మాకు ఎవరు చెప్పారు?" అంది. అతను తల దించుకున్నాడు. అతని చేతిలో ఏముంది?

సర్పంచ్ రాసిచ్చే ధ్రువపత్రం పనికొస్తుందని ఎవరో చెప్పారు. సరిగ్గా ఆ సమయానికి ఊళ్లో సర్పంచే లేడు. ఆగస్టు మొదట్లోనే సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు. మా ప్రత్యేకాధికారికి మూడు ఊళ్లు, పైగా డిసెంబరు 7న శాసనసభ ఎన్నికలు. ఏ కార్యాలయానికి వెళ్లినా అందరూ ఎన్నికల పనిలో ఉన్నారు. ఫలితాల తర్వాత రండి అన్నారు.

అప్పుడు మా బావ ఒక మాట చెప్పాడు. ఫొటో అతికించి గెజిటెడ్ అధికారి సంతకం చేసిన ధ్రువపత్రం ఆధార్‌కు చెల్లుతుందట. జిల్లా పరిషత్ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు గెజిటెడ్ అధికారే. నేను చదివిన బడి మా ఇంటికి రెండు కిలోమీటర్లు.

మెమో పట్టుకొని వెళ్లాను. హెడ్మాస్టర్ సార్ నాకు పాఠం చెప్పినవారు కాదు, కొత్తగా వచ్చినవారు. విషయమంతా విని, "నాకు నువ్వెవరో తెలియదు కదా నాయనా, ఎలా సంతకం పెట్టను?" అన్నారు. ఆయన మాట న్యాయమే. కాసేపు ఆలోచించి అటెండర్‌ను పిలిచి 1996 అడ్మిషన్ రిజిస్టర్ తెమ్మన్నారు. బీరువా అడుగు నుంచి అట్ట ఊడిన పెద్ద పుస్తకం వచ్చింది. ఆరో తరగతి చేరికలు. సార్ వేలు పెట్టి ఒక్కో వరుస దిగుతూ వచ్చారు. ఇంటిపేరు, నా పేరు, బాపు పేరు, వృత్తి వ్యవసాయం, కింద బాపు వేసిన వేలిముద్ర. ఆ సిరా నీలం ఇంకా పోలేదు. బాపు పోయిన మూడేళ్లకు ఆయన వేలు నాకోసం సాక్ష్యం చెప్పినట్లు అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆపుకోలేకపోయాను.

పదో తరగతి మెమోలో గుర్తింపు చిహ్నాలని రెండు వరుసలు ఉంటాయి. పుట్టుమచ్చలు, గాయపు మచ్చలు రాస్తారు. సార్ కళ్లజోడు సర్దుకొని, "ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ. చూపించు" అన్నారు. చొక్కా మడిచాను. "కుడి మోకాలి మీద మచ్చ." అదీ చూపించాను. ఈలోగా అటెండర్ నన్నే పరికించి చూసి, "సార్, వీళ్ల నాన్న బడి గోడ కట్టినప్పుడు రాళ్లు తోలాడు. ఇతను ఆయన కొడుకే, ముఖం చూస్తే తెలియడం లేదా?" అన్నాడు. సార్ నవ్వి సంతకం పెట్టారు. సగం ఫొటో మీద, సగం కాగితం మీద, పైన గుండ్రటి ముద్ర. స్వదేశంలో నాకు దొరికిన మొదటి కాగితం అది.

ఎన్నికలు అయ్యాక ఆధార్ కేంద్రానికి వెళ్లాను. అక్కడ ఇంకో ఇబ్బంది. పదేళ్లు సిమెంటు, ఇటుకలు పట్టిన చేతులకు గీతలు అరిగిపోయాయి. యంత్రం నాలుగుసార్లు తిప్పికొట్టింది. ఆపరేటర్ అమ్మాయి ఓపిక గలది. చేతులు కడుక్కొని తుడుచుకొని రమ్మని, ఒక్కో వేలు తానే నొక్కి చూసి, పట్టినన్ని పట్టించింది. కంటిపాపలు మాత్రం బాగా వచ్చాయి. కూలి పని చేసే చేతులు గలవాళ్లకు నేను చెప్పేది ఒకటే: వేళ్లు పడలేదని తిరిగి రాకండి, కళ్లు ఉన్నాయని గుర్తు చేయండి.

ఆ అమ్మాయే పేరు దగ్గర కూడా ఆపింది. మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంది. పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఔట్‌పాస్ జిరాక్స్‌లోనూ అలాగే ఉంది. "ఏది వేయమంటారు? ఇప్పుడు ఎలా పడితే ఇకముందు అన్నిటిలో అలాగే నడుస్తుంది" అంది. ఇంటిపేరు పూర్తిగా వేయించాను. ఆ అర నిమిషం జాగ్రత్త నాకు తర్వాత ఎన్నో నెలల తిరుగుడు తప్పించింది.

జనవరిలో ఆధార్ వచ్చింది. దాని వెనుక మిగతావి వరుసగా కదిలాయి. బ్యాంకు ఖాతా ఒక్క పూటలో అయింది. ఓటరు నమోదుకు ఫారం 6 పెట్టాను. 2019 ఏప్రిల్ 11న లోక్‌సభకు ఓటు వేశాను. మాది నిజామాబాద్ నియోజకవర్గం. పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం నామినేషన్లు వేయడంతో 185 మంది పోటీలో ఉన్నారు, బూత్‌లో 12 యంత్రాలు వరుసగా పెట్టారు. పదేళ్ల తర్వాత వేసిన ఓటు గనుక ఆ యంత్రాల ముందు ఒక్కొక్క పేరూ చదువుతూ నిలబడ్డాను. వెనకవాళ్లు తొందరపెట్టినా నాకు కోపం రాలేదు.

భూమి సంగతి ఆలస్యమైంది. బాపు పేరున ఎకరం ఇరవై గుంటలు ఉంది. విరాసత్, అంటే భూమిని వారసుల పేరుకు మార్పించడం, చేయించాలంటే వారసులందరి వివరాలు, ఆధార్‌లు కావాలి. నేను లేకపోవడంతో కొత్త పట్టాదారు పాస్‌బుక్ ఆగిపోయింది. 2018 మే నెలలో మొదలైన రైతుబంధు అప్పట్లో ఎకరాకు పంటకు 4,000 రూపాయలు. ఆ ఏడాది రెండు పంటల డబ్బు మాకు రాలేదు. పాస్‌బుక్ చేతికి వచ్చిన రోజు అమ్మ దాన్ని బాపు ఫొటో ముందు పెట్టింది. రేషన్ కార్డు కథ ఇంకా పొడుగు. నా పేరు అందులో చేరింది 2025లో.

చివరిగా పాస్‌పోర్టు. మళ్లీ వెళ్లే ఆలోచన లేదు, అయినా కావాలనుకున్నాను. పదేళ్లు ఇతరుల బీరువాలో ఉన్న వస్తువు నా ఇంట్లో నా పెట్టెలో ఉండాలి, అంతే. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: ఎప్పుడైనా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద గానీ, దేశబహిష్కరణ వల్ల గానీ తిరిగి వచ్చారా అని. చాలామంది భయపడి లేదని రాస్తారు. అలా రాయకండి. రికార్డు వాళ్ల దగ్గర ఉంటుంది, దాచితే అదే తప్పవుతుంది. అవునని రాసి, ఆ సర్టిఫికెట్ సంఖ్య, తేదీ, ఇచ్చిన కార్యాలయం నింపాలి. కథలాపూర్ అన్న తీయించిన జిరాక్స్ లేకపోతే ఆ సంఖ్య నాకు ఎక్కడిది? పాత పాస్‌పోర్టు పోయిందని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఆ కాగితం, ప్రమాణపత్రం జత చేశాను.

ఆర్మూరు మీదుగా నిజామాబాద్ పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లాను. అక్కడ 'A' కౌంటర్‌లో కాగితాలు, ఫొటో; 'B' కౌంటర్‌లో తనిఖీ; 'C' కౌంటర్‌లో అధికారి. ఆమె జిరాక్స్ చూసి, "పాస్‌పోర్టు ఎలా పోయింది?" అని అడిగారు. ఉన్నది ఉన్నట్లు చెప్పాను. కంపెనీ తీసుకుంది, తిరిగి ఇవ్వలేదు అని. ఆమె రాసుకున్నారు, అంతే. పోలీసు విచారణకు కానిస్టేబుల్ ఇంటికి వచ్చి ఇద్దరు పొరుగువాళ్లతో మాట్లాడి వెళ్లాడు. ఆగస్టులో స్పీడ్‌పోస్టు వచ్చింది. కవరు విప్పి చివరి పేజీ చూశాను. జగిత్యాల జిల్లా, తెలంగాణ.

నిరుడు మా అక్క కొడుకు కువైట్‌కు వీసా వచ్చిందని చెప్పడానికి వచ్చాడు. వద్దని చెప్పి చూశాను, వినలేదు. వాళ్ల ఇంటి అప్పు నాకు తెలుసు. మరుసటి రోజు వాణ్ని మెట్‌పల్లి తీసుకెళ్లి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఆధార్, మెమో అన్నీ మూడేసి కాపీలు తీయించాను. ఒక కట్ట వాడి సంచిలో, ఒకటి నా పెట్టెలో. మూడోది మా అక్క చేతికి ఇచ్చి, బియ్యం డబ్బాలో కాకుండా తడి తగలని చోట పెట్టమని రెండుసార్లు చెప్పాను.