రోజుకొక ఫోటో, తూము స్తంభాల పక్కన

మా చెరువు తూముకు రెండు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డంగా మూడు రాతి పట్టీలు ఉన్నాయి. హనుమకొండలో మేముండే కాలనీ నుంచి బండి మీద పావుగంట పోతే ఈ చెరువు వస్తుంది. 2022 సంక్రాంతి సెలవుల్లో, కొత్తగా కొన్న ఫోనుతో పొగమంచులో సూర్యోదయాన్ని తీయాలని అక్కడికి వెళ్లాను. నారింజ రంగు సూర్యుడు, రెండు తాటిచెట్లు వచ్చాయి. ఎడమ పక్కన తూము స్తంభం అడ్డమొచ్చింది. అడ్డమొచ్చిందని ఆ రోజు విసుక్కున్నాను. ఇప్పుడు ఆ ఫోటో తెరిస్తే నా చూపు నేరుగా ఆ స్తంభం మీదికే పోతుంది, ఎందుకంటే ఆ ఉదయం నీళ్లు మధ్య పట్టీకి జానెడు కింద ఉన్నాయని చెప్పే ఆధారం నా దగ్గర అదొక్కటే.

రోజుకొక ఫోటో తీయాలన్న నియమం ఆ రోజే పెట్టుకున్నాను. ఆఫీసు ఉన్న రోజుల్లో ఉదయం ఆరు నుంచి ఏడున్నర వరకు చెరువు కట్ట, దాని వెనుక చెలకలు, కాలువ గట్టు. ఆదివారమైతే ఐనవోలు, పర్వతగిరి, ఆత్మకూరు, గీసుగొండ వైపు. ఇంకా తీరిక దొరికితే ములుగు దాకా. ఎన్ని తీసినా రాత్రికల్లా ఒక్కటే ఉంచుకొని మిగతావన్నీ తుడిచేయాలి. ఈ రెండో నియమమే కష్టమైనది. నలభై ఫోటోలలో ఒకటి ఎంచుకోవడానికి పట్టే సమయం నలభై తీయడానికి కూడా పట్టదు.

మొదటి నెలంతా సూర్యోదయాలే. మా ఇంటావిడ ఒక రాత్రి వాటిని వరుసగా జరుపుకుంటూ పోయి, "గివన్నీ ఒక్క దినమే తీసిండ్రా?" అని అడిగింది. ఎగతాళి చేయాలని కాదు, నిజంగానే అడిగింది. ముప్పై రోజులు చలిలో లేచి వెళ్లి తీసినవన్నీ ఆమె కంటికి ఒకే ఉదయంలా కనిపించాయంటే తప్పు ఆమె కన్నుది కాదని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ జనవరి ఆఖరులోనే, వరంగల్‌లో పుట్టిన ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ మరణించారన్న వార్త చదివాను. తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను, పాత ఇండ్ల తలుపులను ఆయన ఏళ్ల తరబడి తీశారు. ఆయన తీసిన తలుపు ఒకటి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అది ఏ జిల్లాది, ఎటువంటి కుటుంబానిది అన్న ప్రశ్నలన్నీ ఆ చెక్క మీది అరిగిన రంగే లేవదీస్తున్నది. నా సూర్యుళ్లు మాత్రం నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.

అప్పటి నుంచి ప్రతి ఫోటో కింద ఒక వాక్యం రాయడం మొదలుపెట్టాను: తేదీ, చోటు, తీసిన వస్తువుకు అక్కడివాళ్లు పిలిచే పేరు. పేరు తెలియకపోతే అడిగి తెలుసుకున్నాకే రాయాలి. మూడు తరాలుగా పట్నంలో బతికినవాళ్లమేమీ కాదు, మా తాత వ్యవసాయమే చేశాడు. అయినా గట్టు మీది గడ్డిలో నాకు పేరు తెలిసినవి గరిక, తుంగ, పల్లేరు మాత్రమేనని తేలినప్పుడు సిగ్గేసింది. ఉత్తరేణిని వినాయక చవితి పత్రిలో చూసి ఉన్నాను గానీ కట్ట పక్కన నా ప్యాంటుకు అంటుకున్న ముళ్లు దానివేనని ఒక గొర్రెల కాపరి చెబితే తెలిసింది.

అడగడం వల్ల ఫోటోలు కూడా మారాయి. కట్ట కింద కల్లు కోసం తాటిచెట్లు గీసే గౌడన్నను తీయాలని చెట్టు మొదట్లో నిలబడి ఫోను పైకెత్తితే, ఆయన సగం చెట్టు మీది నుంచే, "సారూ, కిందికెల్లి తీస్తె నా అరికాళ్లే పడ్తయ్. గా కట్ట మీదికి పోయి తియ్యండ్రి, మోకు, ముస్తాదు అన్నీ కనవడ్తయ్" అన్నాడు. మోకు, ముస్తాదు అంటే చెట్టెక్కడానికి వాడే తాడు, సరంజామా. వెళ్లాను. కట్ట ఎత్తు నుంచి చూస్తే ఆయన నడుము, నా కన్ను ఒకే వరుసలోకి వచ్చాయి. మోకు మీద వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలేసి, గెలను చెక్కుతున్న మనిషి కనిపించాడు. ఆయన వెనుక చెరువు నీళ్లు, పక్క చెట్టుకు కట్టిన లొట్టి. ఆ నెలలో ఉంచుకోదగ్గ ఫోటో అదొక్కటే, ఎక్కడ నిలబడి తీయాలో చెప్పింది మాత్రం ఆయనే. కిందికి దిగాక ఫోనులో చూపిస్తే, తన ముఖం సంగతి పక్కనబెట్టి, మోకు అరిగిన చోటును వేళ్లతో పెద్దది చేసుకొని చూసి, మార్చాలె అనుకున్నాడు.

వెలుతురు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఫోను కెమెరా మన పంటలతో అంత తేలిగ్గా రాజీపడదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి కల్లాల మీద ఎర్రగా పరుచుకుంటుంది. ఎండ ఎక్కాక తీస్తే కాయకు కాయకు మధ్య తేడా పోయి నేల మీద ఎర్ర రంగు ఒలకబోసినట్టు వస్తుంది. తెర మీద వేలు పెట్టి వెలుతురును రెండు మెట్లు తగ్గిస్తే తొడిమలు, ముడతలు, మధ్యలో ఏరి పడేసిన తాలు కాయలు బయటికి వస్తాయి. పత్తిది మరో తంటా. ముదురాకుల నడుమ పగిలిన తెల్లటి కాయలను తీస్తే, చుట్టూ ఉన్న ముదురు రంగును చూసి ఫోను ఆకుల నీడను పైకి లేపుతుంది, అంతటితో దూది వెలిసిపోయి కాగితం ముక్కలా కనిపిస్తుంది. అక్కడా తగ్గించవలసిందే. దున్నిన చెలకను మాత్రం సూర్యుడు వాలి ఉన్నప్పుడే తీయాలి. పది దాటిందంటే సాళ్ల మధ్య నీడలుండవు, నేల చదునైపోతుంది. కెమెరా ధర గురించి నన్ను అడిగేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే: ఆ డబ్బును పెట్రోలుకు ఉంచుకోండి.

రెండో ఏడు మొదలయ్యాక చెరువు ఫోటోలను నెలల వారీగా పక్కపక్కన పెట్టి చూశాను. అప్పుడు రెండు విషయాలు తెలిశాయి. మొదటిది సూర్యుడి సంగతి. డిసెంబరు చివర తాటిచెట్లకు కుడి వైపున లేచే సూర్యుడు జూన్ మూడో వారానికి ఎడమ వైపు గుట్ట దాకా జరుగుతాడు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదువుతూ పెరిగినవాడినే గానీ, మన పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ జరుగుబాటు సుమారు యాభై డిగ్రీలుంటుందని, కట్ట మీద ఒకే రాయి పక్కన నిలబడి తీసిన ఫోటోలు చూసేదాకా మనసుకు ఎక్కలేదు. మే రెండో వారంలో ఒకసారి, జులై నెలాఖరులో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మే నెలలో ఆ మధ్యాహ్నం తూము స్తంభం నీడ దాని మొదట్లోనే మాయమైన ఫోటో నా దగ్గర ఉంది. జులైది లేదు, మబ్బు కమ్మింది.

రెండోది నీళ్ల సంగతి. మామూలుగా సంక్రాంతి తర్వాత యాసంగి నాట్లకు తూము ఎత్తుతారు కాబట్టి నీళ్లు పట్టీ పట్టీగా దిగాలి. నా ఫోటోలలో ఫిబ్రవరిలో కింది పట్టీ దాకా దిగిన నీళ్లు మార్చిలో మళ్లీ మధ్య పట్టీకి ఎక్కాయి. చినుకు పడని మార్చి అది. తేదీలు కలిపేశానేమోనని రెండుసార్లు సరిచూసుకున్నాను. మరుసటి ఉదయం కట్ట మీద కలిసిన రైతును అడిగితే, "దేవాదుల నీళ్లు ఇడిసిండ్రు గద సారూ" అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. ములుగు జిల్లాలో గోదావరి నుంచి ఎత్తిపోసిన నీళ్లు ధర్మసాగర్ జలాశయానికి చేరతాయని, అక్కడి నుంచి కాలువల్లో ఇటు వస్తాయని నేను పత్రికల్లో ఎన్నోసార్లు చదివాను. నెల రోజులు ఆ నీళ్లనే ఫోటో తీస్తూ ఉండి కూడా అవి గోదావరివని గుర్తుపట్టలేదు.

2023 జులై ఫోటో గురించి వేరే చెప్పాలి. ఆ నెల 27 ఉదయంతో ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. వరంగల్‌లో ఏడాది పొడవునా కురిసేదే సగటున వెయ్యి మిల్లీమీటర్ల చుట్టుపక్కల. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరంతా నీట మునిగింది. రెండు రోజులు మా కాలనీ దాటలేకపోయాను, ఆ రెండు రోజుల ఫోటోలు మా బాల్కనీ నుంచి తీసినవే. మూడో రోజు కట్టకు దూరంగా రోడ్డు మీదే ఆగి తీశాను. మత్తడి దుంకుతున్నది, అంటే చెరువు నిండి అలుగు మీది నుంచి పొర్లుతున్నది, నీళ్ల రంగు ఇటుక పొడిలా ఉంది, నేను ప్రతిరోజూ తీసే చోట ఏమీ లేదు. పై పట్టీతో సహా స్తంభాలు రెండూ మునిగిపోయాయి. ఆ ఫోటోను కొత్తవాళ్లకు చూపిస్తే బురద నీళ్లు తప్ప ఏమీ కనిపించదు. నాకు మాత్రం అది అన్నింటికంటే భయపెట్టే ఫోటో.

పోయినవీ ఉన్నాయి. 2022 వానాకాలంలో నలభై ఒక్క రోజుల ఫోటోలు నా చేతులారా పోగొట్టుకున్నాను. ఫోనులో చోటు చాలడం లేదని కార్డులోకి మార్చి, వారం తర్వాత అది ఖాళీ కార్డనుకొని శుభ్రంగా తుడిచేశాను. నారుమళ్లు, నాట్లు, బురద పొలాల్లో మహిళలు వంగి వరుసగా వెనక్కి నడిచే దృశ్యాలు అన్నీ అందులోనే ఉన్నాయి. చీటీ పుస్తకంలో రాసుకున్న వాక్యాలు మాత్రం మిగిలాయి. చిత్రమేమిటంటే, "చెరువు కింది మడి, నాట్లు, పదకొండు మంది, ఒకామె మాత్రం నా వైపు తిరిగి నవ్వింది" అన్న వాక్యం చదివితే ఆ ఫోటో ఇప్పటికీ కళ్ల ముందుకొస్తుంది. వాక్యం రాయని రోజుల ఫోటోలు మాత్రం ఉండి కూడా ఏ ఊరివో గుర్తు రావడం లేదు.

తీయకుండా ఆగిన రోజుల్లో ఒకటి చెబుతాను. ఒక ఏప్రిల్ సాయంత్రం పర్వతగిరి వైపు నుంచి వస్తుంటే రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి, పడమటి దిక్కున మబ్బు నల్లగా లేచింది. నల్ల మబ్బు కింద పసుపుపచ్చ వడ్లు, వాటిని కాళ్లతో కుప్పకు తోస్తున్న ముసలావిడ. ఇంతకంటే ఏం కావాలని బండి ఆపి ఫోను తీశాను. ఆమె తల కూడా ఎత్తకుండా, "ఫోటో తీస్తె వడ్లు ఎండుతయా బిడ్డా? గా పరద అంచు వట్టు" అంది. ఫోను జేబులో పెట్టి పరద పట్టుకున్నాను. ఆమె మనవడు, నేను, దారిన పోయే మరొకతను కలిసి కుప్ప మీద కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెట్టేసరికి పెద్ద చినుకులు మొదలయ్యాయి. ఆ రోజు ఉంచుకున్న ఫోటో చీకట్లో తడిసిన నీలిరంగు పరద, దాని మీద ఒక రాయి. మసకగా వచ్చింది. ఆమె ముఖం తీయలేదు, అడగనూ లేదు. పంట తడుస్తున్న మనిషిని ముఖం చూపమని అడగడం నాకు చేతకాదు.

రామప్ప గురించి మిత్రులు తరచూ అడుగుతారు, ఇన్నేళ్లలో అక్కడివి రెండే ఉన్నాయేమిటని. 1213 నాటి ఆ గుడిని, ఆ నల్లరాతి మదనికలను తీయనివాళ్లు లేరు. 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక మరీను. నాకు ఉంచుకోవాలనిపించిన రెండింట్లో ఒకటి గుడి దగ్గరి చెరువు కింది పొలానికి నీళ్లు మలుపుకుంటూ పారతో గండి పూడుస్తున్న రైతుది. కాకతీయుల కాలంలో గుడితో పాటు కట్టిన చెరువు ఈనాటికీ పొలాలకు నీళ్లందిస్తున్నది. గుడికి వచ్చినవాళ్లు అటు తిరిగి చూడకుండానే బస్సెక్కుతున్నారు.

పాలపిట్ట ఫోటో మాత్రం మూడు దసరాలు ప్రయత్నించినా కుదరలేదు. జమ్మికి పోయే దారిలో కరెంటు తీగ మీద కూర్చొని ఉంటుంది, జనమంతా చూసి దండం పెడతారు. కూర్చున్నప్పుడు అది మట్టి రంగు పిట్టే, రెక్క విప్పినప్పుడే ఆ నీలం బయటపడుతుంది. ఆ నీలం నా ఫోనుకు ఇంతవరకు చిక్కలేదు. దసరా ముందు వారంలో దారి పొడవునా దొరికే తంగేడు, గునుగు మాత్రం కావలసినన్ని ఉన్నాయి.

ఈ ఉదయం ఫోటోలో నీళ్లు కింది పట్టీని తాకి ఉన్నాయి. కుడి స్తంభం మీద కొత్తగా ఎవరో సున్నంతో గీత గీశారు, పక్కన ఏదో అంకె రాశారు. దూరం నుంచి చదవడానికి రాలేదు. కట్ట మీద ఎవరూ లేరు, అడుగుదామంటే. రేపు దగ్గరికి దిగి తీయాలి.