త్రీ వన్ మొదలైంది

త్రీ వన్ అంటే బీటెక్ మూడో ఏడాది మొదటి సెమిస్టర్. టైమ్‌టేబుల్ ఆదివారం రాత్రే క్లాసు వాట్సాప్ గ్రూపులో పడింది. సబ్జెక్టులేంటో ఎవరూ చూడలేదు. శనివారం మధ్యాహ్నం ల్యాబ్ వేశారా లేదా, అదొక్కటే అందరి గోల. వేశారు. హాస్టల్ వాళ్లం ఇక శనివారం సాయంత్రం బస్సు కోసం పరుగులే.

సివిల్‌లో త్రీ వన్ నుంచే అసలు చదువు మొదలవుతుందని సీనియర్లు మొదట్నుంచీ బెదిరిస్తున్నారు. నిజమే కావచ్చు. స్ట్రక్చరల్ ఎనాలిసిస్, జియోటెక్నికల్, హైడ్రాలజీ మూడూ ఒకేసారి వచ్చి పడ్డాయి. (సివిల్ అనగానే "సీఎస్ఈ రాలేదామ్మా?" అని జాలిపడే చుట్టాలు ఈ ఏడాది కూడా తగ్గలేదు. వచ్చిందండీ, నేనే వద్దనుకున్నాను.)

నేను ఎదురుచూసింది స్ట్రక్చరల్ ఎనాలిసిస్ కోసం. వంతెనలూ పెద్ద పెద్ద బిల్డింగులూ ఎలా నిలబడతాయో చెప్పే సబ్జెక్టు కదా అని. సార్ వచ్చారు, అటెండెన్స్ తీసుకున్నారు, 75 శాతం లేకపోతే ఏమవుతుందో, 65 దాటితే కండోనేషన్ ఫీజు ఎలా కట్టాలో వివరంగా చెప్పారు. తర్వాత బోర్డు వైపు తిరిగి ఫిక్స్‌డ్ బీమ్, అంటే రెండు చివర్లూ బిగించిన దూలం గీసి, బెల్లు కొట్టేదాకా మళ్లీ ఇటు తిరగలేదు. యూడీఎల్ (పొడవునా సమానంగా పరుచుకున్న బరువు) పడితే బీముని వంచే మూమెంట్ చివర్ల దగ్గర డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 12, మధ్యలో బై 24. దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఆ నోట్సు చదివితే పరీక్ష గట్టెక్కేస్తాం, అందులో అనుమానం లేదు. కానీ ఆ బీము ఎక్కడుంటుందో, తేడా వస్తే ఏం కూలుతుందో ఒక్క మాటా రాలేదు.

జియోటెక్నికల్ మీద నాకే ఆశా లేదు. మట్టి గురించి ఒక సెమ్మంతా ఏం చెబుతారులే అనుకున్నాను. మేడమ్ వస్తూనే, "మీ ఇళ్లల్లో గోడలు బీటలిచ్చినవాళ్లు చేతులెత్తండి" అన్నారు. గుంటూరు చుట్టుపక్కల పిల్లలం సగానికి పైగా ఎత్తాం. మాది ప్రత్తిపాడు వైపు. పత్తి బాగా పండుతుంది, ఇళ్లు మాత్రం నెర్రెలిస్తాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకే బీట మా నడింట్లోనూ ఉంది. నాన్న ఏటా సంక్రాంతి ముందు దానికి సిమెంటు పాముతారు, వేసవికల్లా మళ్లీ తెరుచుకుంటుంది. ఇల్లు కట్టిన మేస్త్రిని తిట్టడం మా ఇంట్లో ఒక వార్షిక కార్యక్రమం.

తప్పు మేస్త్రిది కాకపోవచ్చని ఇవాళే తెలిసింది. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లోనైట్ అనే ఖనిజం ఉంటుందట. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పునాది ఒక మూల లేచి ఇంకో మూల దిగితే గోడ ఏం చేస్తుంది, పగులుతుంది. మట్టి ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష నాకు భలే నచ్చింది. పది గ్రాముల మట్టి నీళ్లలో, పది గ్రాములు కిరోసిన్‌లో వేసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లోది ఉబ్బదు. రెండింటి తేడానే లెక్క. మందు కూడా చెప్పారు: అడుగున బుడిపె ఉండే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి దింపే పునాది స్తంభాలు. రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు మన రేగడి నేలల కోసం రూపొందించినవి. సుమారు మూడున్నర మీటర్ల కిందకి పోతే ఎండావానల ప్రభావం మట్టికి తగలదు, అక్కడిదాకా దింపి పట్టు దొరకబుచ్చుకోవడమే కిటుకు. టెర్జాగీ అనే ఇంజనీరు 1925లో రాసిన పుస్తకంతో ఈ శాస్త్రానికి ఒక రూపం వచ్చిందన్నారు. గుళ్లూ కోటలూ అంతకు ముందే కట్టారు కదా అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. "కూలిపోయినవాటిని నువ్వు చూడలేదుగా" అన్నారు మేడమ్.

మధ్యాహ్నం హైడ్రాలజీ. తిన్నాక నిద్రొచ్చే పీరియడ్. అయినా ఎవరూ కునకలేదు. సార్ 2024 సెప్టెంబర్ వరదతో మొదలుపెట్టారు. ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేది కాదు, ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒకటి అవకాశం ఉన్నది అని చెప్పి, యాభై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం మా చేతే వేయించారు. దాదాపు 39.5 శాతం! విజయవాడ సింగ్ నగర్ నుంచి వచ్చే అమ్మాయి లేచి, "మా ఇంట్లోకొచ్చిన బుడమేరు ఎన్నేళ్లది సార్?" అని అడిగింది. ఆయన కాసేపు ఆగారు. నదులకైతే ఏళ్ల తరబడి కొలతలుంటాయి, చిన్న వాగులకి అవి దొరకడం కష్టం, అవి లేకుండా ఎన్నేళ్లదని చెబితే అది ఊహే అవుతుంది అన్నారు. తెలిసినట్టు ఏదో ఒక అంకె చెప్పేయకపోవడం నాకు నచ్చింది.

ఆఖరి పీరియడ్ క్రెడిట్లు లేని సబ్జెక్టు. పేరు రాసుకున్నాను, అంతే.

శనివారం ల్యాబ్‌కి ఎవరి ఊరి మట్టి వాళ్లు ఒక కిలో తెచ్చుకోమన్నారు మేడమ్. సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ నవ్వి నాన్నకిచ్చింది. ఆయన మాత్రం సీరియస్‌గా, "మెరక తోలించిన మట్టా, దాని కింద అసలు మట్టా?" అని అడిగారు. అసలుదే, మూడడుగులు తవ్వి తీయమన్నాను. బీటకి కారణం ఏంటో కూడా చెప్పాను.

"అయితే మేస్త్రి తప్పేం లేదంటావా?"

"పునాది ఎంత లోతు తీశాడు నాన్నా?"

"రెండున్నర అడుగులు."

"అయితే తిట్టుకోవచ్చు."