బయోడీజిల్ ఏ నూనెతో చేశారు?

బయోడీజిల్ అంటే నూనెలు, కొవ్వులతో చేసే డీజిల్ లాంటి ఇంధనం. దాన్ని కొనేవాళ్లు చాలామంది ముందు అడిగేది ఇదే. వాడేసిన వంటనూనె అనగానే మొహం చిట్లిస్తారు. పామాయిల్ అంటే అడవులు నరికారేమోనని కొందరి బాధ, సోయా అంటే తినే నూనెను ఇంజన్‌లో పోస్తున్నామని ఇంకొందరి బాధ. జంతువుల కొవ్వయితే మతపరమైన పట్టింపు ఉన్నవాళ్లు అసలు ముట్టుకోరు. ఇవన్నీ న్యాయమైన పట్టింపులే. దేనితో చేశారో దాచకుండా చెప్పి తీరాలి.

వాడిన నూనె ఇంజన్‌ను పాడుచేస్తుందన్న భయం మాత్రం సరికాదు. పాడుచేసేది సరిగ్గా చెయ్యని బయోడీజిల్. వాడిన నూనెలో నీళ్లు, మాడిన తునకలు, విడి కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. నూనెను బయోడీజిల్‌గా మార్చడానికి మెథనాల్ (ఒక రకం ఆల్కహాల్), కాస్టిక్ సోడా కలుపుతారు; అప్పుడు గ్లిజరిన్ విడిపోవాలి. వాడిన నూనెలో వాటిని నేరుగా కలిపితే సోడా ఆ ఆమ్లాలతో కలిసి సబ్బవుతుంది, గ్లిజరిన్ సరిగా విడిపోదు. అందుకే ముందు వడగట్టి, వేడిచేసి నీరు పోగొట్టి, టైట్రేషన్ (నూనెలో ఆమ్లం ఎంతుందో కొలిచే పరీక్ష) చెయ్యాలి. కొత్త నూనెకు లీటరుకు సుమారు 3.5 గ్రాముల సోడా చాలు; వాడినదానికి టైట్రేషన్‌లో తేలినంత అదనంగా వెయ్యాలి.

అనుమానముంటే ఒక పరీక్ష ఉంది. గాజు గొట్టంలో 27 మిల్లీలీటర్ల మెథనాల్‌కి 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ కలిపి, బాగా కుదిపి, గది వేడిమిలో పది నిమిషాలు ఉంచండి. అంతా తేటగా కలిసిపోతే మంచిదే. అడుగున నూనె చుక్క కనిపిస్తే మార్పు చెందని నూనె మిగిలినట్టే. మెథనాల్ విషం, ఇట్టే అంటుకుంటుంది కూడా. గాలి ఆడేచోట, మంటకు దూరంగా చెయ్యాలి.

నూనె రకం నిజంగా తేడా చూపించేది చలిలో. పామాయిల్‌తో చేసింది దాదాపు 15 డిగ్రీల దగ్గరే మబ్బుపట్టడం (గడ్డకట్టే ముందు మసకబారడం) మొదలవుతుంది, పశువుల కొవ్వుదీ ఇంచుమించు అంతే. సోయాది సున్నా దగ్గర, ఆవజాతి రేప్‌సీడ్‌ది ఇంకా కిందికి. నిల్వ విషయానికొస్తే కథ తిరగబడుతుంది: పామాయిల్‌ది గాలికి తట్టుకుంటుంది, సోయాది త్వరగా పులుస్తుంది. చలిప్రాంతమా, నెలల తరబడి నిల్వా అన్నది చూసుకుని ఎంచుకోవాలి. ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

ఇంకో నింద కూడా అన్యాయంగా నూనె మీద పడుతుంది. పాత డీజిల్ ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కరిగిస్తుంది, అది వెళ్లి ఫిల్టర్‌ను మూసేస్తుంది. మొదటి ఒకటి రెండు ట్యాంకులు అయ్యేదాకా అదనపు ఫిల్టర్ ఒకటి దగ్గర పెట్టుకోండి.