ముద్దులు పాదాలకే

మా అత్తయ్యకూ నాకూ ఈమధ్య ఒకటే గొడవ, చేతులు. బయటి నుంచి రాగానే పాపను ఎత్తుకోబోతారు. "ముందు చేతులు కడుక్కోండి అత్తయ్యా" అంటే, "మీ ఆయన్ని ఇలాగే పెంచాను, ఏమైంది వాడికి?" అంటారు. ఏమీ కాలేదు, నిజమే. ఏమైనా అయిన పిల్లల సంగతి ఎవరూ ఇలా గొప్పగా చెప్పుకోరు కదా!

సబ్బుతో 20 సెకన్లు, అంతే నేనడిగేది. కుళాయి కింద వేళ్ల కొసలు తడిపి, చీరకు తుడుచుకుని "అయిందమ్మా" అంటే ఎలా? బొడ్డుకు ఏదో ఒకటి రాద్దామని ఇంకో పోరు. పొడిగా ఉంచితే 1 నుంచి 3 వారాల్లో అదే ఊడిపోతుంది.

ముద్దుల దగ్గర మాత్రం నేను అస్సలు తగ్గను. పెద్దవాళ్ల పెదవి మీద చిన్న పొక్కు తెచ్చే హెర్పిస్ వైరస్ నెలలోపు బిడ్డకు ప్రాణం మీదికి తేగలదు. అందుకే పాదాలకు పెట్టుకోమన్నా. మొహం ముడుచుకున్నారు.

స్నానం చేయించేటప్పుడు పాప తలను ఆవిడ పట్టుకునే తీరు నాకు ఇప్పటికీ రాదు, అది వేరే విషయం.

అసలు ఈ మాటలన్నీ వాళ్ల అబ్బాయి చెబితే ఇంత టెన్షన్ ఉండదు. ఆయనగారేమో ఫోన్‌లోంచి తలెత్తరు.