బి-ఫారం మేమే ఇచ్చిన రాత్రి

నాకు అమెరికా పౌరసత్వం 2019లో వచ్చింది. మేం ఉండేది అయోవా రాష్ట్రంలో, డెమోయిన్ శివారులో. ఓటరుగా నమోదు చేసుకుందామని ఫారం తీస్తే అందులో పార్టీ అని ఒక గడి ఉంది, అక్కడ ఆగిపోయాను. మన ఊళ్ళో ఓటరు లిస్టులో పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు ఉంటాయి గానీ నువ్వే పార్టీ అని సర్కారు వాళ్ళే అడగడం ఎప్పుడైనా విన్నామా? ఎందుకొచ్చిన గొడవ అని "ఏ పార్టీ కాదు" అన్నచోట టిక్కు పెట్టి ఇచ్చేశాను.

ఆ టిక్కు ఆరు నెలలు కూడా నిలవలేదు. 2020 ఫిబ్రవరి 3, సోమవారం రాత్రి డెమొక్రాట్ల కాకస్, అంటే పార్టీ మనుషులు ఒకచోట చేరి తమ అధ్యక్ష అభ్యర్థిగా ఎవరు ఉండాలో ఎంచుకునే సభ. అందులో పాల్గొనాలంటే డెమొక్రాట్ అయి ఉండాలి, కాకపోతే తలుపు దగ్గరే ఫారం నింపి అప్పటికప్పుడు అయిపోవచ్చు. మన దగ్గర కండువా కప్పించుకోవడానికి పెద్ద నాయకుడి ఇంటి ముందు గంటలు గంటలు నిలబడతారు, ఇక్కడ ఒక పెద్దావిడ బాల్ పెన్ను ఇచ్చి "ఇక్కడ సంతకం పెట్టు బాబూ" అన్నట్టు వేలు చూపించింది, అంతే.

అంతకుముందు ఆదివారం నాన్నకి ఫోన్ చేసినప్పుడు ఈ విషయం చెప్పాను. ట్రంప్ మీద ఎవరు పోటీ చెయ్యాలో తేల్చే పని ముందు మా రాష్ట్రంలోనే మొదలవుతుంది నాన్నా అని.

"అంటే టికెట్ ఎవరికో తేలుస్తారా?"

"అవును."

"మరి బి-ఫారం ఎవరిస్తారు?"

"మేమే నాన్నా. జనమే."

కాసేపు అవతల చప్పుడు లేదు. "మరి అధిష్ఠానం ఏం చేస్తుందిరా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ తర్వాత నెల రోజులకి గానీ ఆ ప్రశ్న ఎంత సరైనదో నాకు అర్థం కాలేదు.

సరే, ఆ రాత్రి సంగతి. ఒక స్కూలు జిమ్‌లో పెట్టారు. ఏడు గంటలకల్లా లైన్లో ఉండాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. మా ఆవిడకి అప్పటికి గ్రీన్ కార్డే కాబట్టి పాపని తీసుకుని చూడటానికి వచ్చిన వాళ్ళ బెంచీల మీద కూర్చుంది. లోపల గోడల నిండా పోస్టర్లు. బ్యాలెట్ పెట్టె లేదు, తెర చాటు లేదు. నీకు నచ్చిన అభ్యర్థి పోస్టర్ కింద వెళ్ళి నిలబడాలి, అదే ఓటు. పక్కింటివాళ్ళు, పాప క్లాసు టీచరు, ఆఫీసులో రోజూ లంచ్ తినేవాళ్ళు అందరూ చూస్తుండగా. మా ఊళ్ళో పంచాయతీ ఎన్నికల్లో ఎవరు ఎవరికి వేశారో అందరికీ తెలుసు కానీ కనీసం తెలియనట్టు నటించే మర్యాద అయినా ఉంటుంది.

నేను ఆండ్రూ యాంగ్ పోస్టర్ కింద నిలబడ్డాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం, మెషీన్లు మన పనులు లాగేసుకుంటాయి, ప్రతి పెద్దవాడికీ నెలకి వెయ్యి డాలర్లు ఇవ్వాలి అని మాట్లాడుతున్నది ఆయనొక్కడే. మొత్తం 286 మంది వచ్చారు. నిబంధన ఏమిటంటే 15 శాతం దాటని గుంపు బతకదు. అంటే 43 మంది కావాలి. మొదటి లెక్క: పీట్ బూటిజెజ్ 74, బెర్నీ సాండర్స్ 61, ఎలిజబెత్ వారెన్ 58, ఎమీ క్లోబుచార్ 40, జో బైడెన్ 31, మేము 15, టామ్ స్టాయర్‌కి అయిదుగురు, ఎటూ తేల్చుకోని వాళ్ళు ఇద్దరు. ఈ అంకెలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి, పాప డ్రాయింగ్ పుస్తకం వెనక రాసుకున్నాను.

43 దాటిన వాళ్ళు ఇక కదలడానికి లేదు. మిగతావాళ్ళం రెండోసారి ఎంచుకోవాలి, అదీ పదిహేను నిమిషాల్లో. ఇక చూడండి. అప్పటిదాకా మా మూల వైపు కన్నెత్తి చూడనివాళ్ళంతా ఒక్కసారిగా మా మీద పడ్డారు. క్లోబుచార్‌కి ముగ్గురు కావాలి. బైడెన్‌కి పన్నెండు మంది, మేం పదిహేనుమందిమి మూకుమ్మడిగా వెళ్తే వాళ్ళు నిలబడతారు. బైడెన్ గుంపు పెద్ద ఒక ముసలాయన, రిటైరైన రైతులా ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని అడిగాడు పాపం. మాలో ఒక కుర్రాడు బేరం పెట్టాడు: "మేమంతా వస్తాం, కానీ కౌంటీ మహాసభకి పంపే ప్రతినిధి మావాడు ఉండాలి." కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, గుంపు బలాన్ని బట్టి అక్కడికి ప్రతినిధుల్ని పంపుతారు. ఇలాంటి బేరాలు కాకస్‌లో మామూలేనట. ముసలాయన ఒప్పుకున్నాడు. ఆయన వెనకున్నావిడ ఒప్పుకోలేదు. "ఇరవై ఏళ్ళ నుంచి పార్టీ కోసం ఇళ్ళ తలుపులు కొడుతున్నది మేము, నిన్న వచ్చినవాళ్ళకి ప్రతినిధి పదవా" అని ఆయన మీదే లేచింది. వాళ్ళిద్దరూ వాదించుకుంటుండగా నాలుగు నిమిషాలు పోయాయి, మావాళ్ళు తలో దిక్కూ జారుకున్నారు.

నేను ఊహించుకున్న గొడవ వేరు. రిపబ్లికన్లని తిట్టుకుంటారేమో అనుకున్నాను. ఆ రెండు గంటల్లో ట్రంప్ పేరు ఒకే ఒక సందర్భంలో విన్నాను, "ఆయన్ని ఓడించగలిగేది మావాడే" అని చెప్పడానికి, అదీ ప్రతి గుంపూ అదే మాట. కోపమంతా పక్క పోస్టర్ మీదే. బెర్నీ వాళ్ళకి పీట్ అంటే పెద్ద డబ్బున్నవాళ్ళ మనిషి. పీట్ వాళ్ళకి బెర్నీ అంటే గెలవలేని మొండివాడు. వారెన్ వాళ్ళకి బెర్నీ మీద అప్పటికి మూడు వారాల మంట: ఆడమనిషి అధ్యక్ష ఎన్నికలో గెలవడం కుదరదని ఆయన తనతో అన్నాడని ఆవిడ, నేనలా అనలేదని ఆయన. జనవరి 14న డెమోయిన్‌లోనే జరిగిన డిబేట్ అయ్యాక ఆయన చెయ్యి చాపితే ఆవిడ అందుకోలేదు, అది టీవీలో అందరూ చూశారు. వీటన్నిటి కింద 2016 నాటి పాత పుండు. ఆ ఏడాది ఇదే కాకస్‌లో హిల్లరీ క్లింటన్‌కి 49.8 శాతం, బెర్నీకి 49.6. నాలుగేళ్ళయినా మానలేదు. మా కాకస్‌కి మూడు రోజుల ముందు, మాకు పక్కనే ఉన్న క్లైవ్‌లో బెర్నీ సభలో హిల్లరీ పేరు వస్తే మిషిగన్ కాంగ్రెస్ సభ్యురాలు రషీదా త్లైబ్ స్టేజీ మీదే బూ అని అరిచింది. మర్నాడు కాస్త వెనక్కి తగ్గింది అనుకోండి. అసలు విచిత్రం, ఆ రోజుల్లోనే వాషింగ్టన్‌లో ట్రంప్ అభిశంసన విచారణ నడుస్తోంది, సెనేటర్లు కాబట్టి బెర్నీ, వారెన్, క్లోబుచార్ ముగ్గురూ అక్కడ ఒకే హాల్లో నోరు మూసుకుని కూర్చుంటున్నారు. వాళ్ళ మనుషులు ఇక్కడ ఇలా.

మా పక్క వీధిలో ఒక తెలుగు అక్క ఉంటుంది. ఆవిడ పీట్ గుంపు. వాళ్ళబ్బాయికి పదిహేడేళ్ళు, నవంబరుకి పద్దెనిమిది నిండుతాయి కాబట్టి కాకస్‌కి వచ్చే హక్కుంది, వాడు బెర్నీ గుంపు. వాడు నా చెయ్యి పట్టుకుని "అంకుల్, మీరు ఇటు రండి, నెలకి వెయ్యి కాదు, ఆసుపత్రి ఖర్చే లేకుండా చేస్తాం" అంటున్నాడు, అవతల నుంచి అక్క "తమ్ముడూ, వాడి మాట వినకు, కాలేజీ ఫీజు ఫ్రీ అంటే పడిపోయాడు, ఇంట్లో నాతో మాట్లాడి రెండు వారాలైంది" అని అందరి ముందూ తెలుగులో అరిచింది. వాడు సిగ్గుతో ఎర్రబడి ఇంగ్లీషులో ఏదో గొణిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి భాష అర్థం కాకపోయినా విషయం అర్థమై నవ్వారు.

ఎవరి మాటా కాదనలేక నేను క్లోబుచార్ దగ్గరికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఆ మూల గట్టిగా అరవడం లేదు, అదే కారణం. వెనక్కి తిరిగి చూస్తే ముసలాయన బైడెన్ పోస్టర్‌కున్న టేపు గోరుతో మెల్లగా గీకి తీస్తున్నాడు, గోడ రంగు ఊడకుండా. బెంచీ మీద నుంచి మా ఆవిడ నన్నే చూస్తోంది. "ఆయన దగ్గరికి వెళ్ళాల్సింది కదండీ" అంది కార్లో.

రెండో లెక్క పీట్ 85, బెర్నీ 67, క్లోబుచార్ 66, వారెన్ 62. ఆరుగురు విసుగొచ్చి ఇళ్ళకి పోయారు. మా జిమ్‌కి తొమ్మిది మంది ప్రతినిధులు, వాళ్ళని లెక్క కట్టి పంచితే పీట్‌కి ముగ్గురు, మిగతా అందరికీ ఇద్దరేసి. 67 మందికీ ఇద్దరే, 62 మందికీ ఇద్దరే. బెర్నీ గుంపు భగ్గుమంది. తప్పు ఎవరిదీ కాదు, భాగహారానిది, కానీ ఆ మాట ఆ టైములో ఎవరు చెబుతారు? రాష్ట్రమంతటా జరిగింది కూడా దాదాపు ఇదే: ఎక్కువ మంది జనం బెర్నీ వైపు, ప్రతినిధుల లెక్కలో పీట్ వెంట్రుకవాసి ముందు. ఇద్దరూ మేమే గెలిచామన్నారు.

అసలు ఫలితం కోసం మాత్రం ఆగాల్సి వచ్చింది. మా జిమ్‌లో సభ నడిపినావిడ ఫలితం పంపడానికి యాప్ తెరిస్తే అది తెరుచుకోలేదు, ఫోన్ చేస్తే హోల్డ్. పదింటికి కూడా స్పీకర్లో ఆ సంగీతం వస్తూనే ఉంది, ఆవిడ మడత కుర్చీలు ఎత్తి గోడకి ఆనిస్తూనే "లైన్లోనే ఉన్నాను" అని ఎవరికో చెబుతోంది. రాష్ట్రమంతా అదే కథ. మర్నాడు సాయంత్రానికి గానీ ఫలితాలు బయటికి రాలేదు, అవీ 62 శాతం కేంద్రాలవే. ఈలోపు కుట్ర అని ఒకరు, చేతకానితనమని ఒకరు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అయితే చివరికి విజేతనే ప్రకటించలేదు. పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు తొమ్మిది రోజులకి రాజీనామా చేశాడు.

బైడెన్‌ది అయోవాలో నాలుగో స్థానం. ఆ తర్వాత సౌత్ కరోలైనాలో గెలిచాడో లేదో మార్చి 1న పీట్, 2న క్లోబుచార్ తప్పుకుని ఆయనకి జై కొట్టారు. అంతకుముందే తప్పుకున్న యాంగ్ కూడా 10న జై కొట్టాడు. అంటే ఆ రాత్రి నేను నిలబడ్డ రెండు పోస్టర్లూ, నేను కాదన్న మూడో పోస్టర్ దగ్గరికే వెళ్ళాయి. నాన్నకి ఫోన్లో చెబితే "చెప్పానా, అధిష్ఠానం ఎక్కడికీ పోదు" అని తెగ నవ్వాడు. బెర్నీ వాళ్ళు ఇప్పటికీ అదే అంటారు, నవ్వకుండా.

అవతలి పార్టీ వాళ్ళ ఇంటిపోరు 2024 జనవరిలో చూశాను. మా ఎదురింటాయన రిపబ్లికన్, ఆయన ముంగిట్లో ట్రంప్‌తో టికెట్‌కి పోటీపడుతున్న డిసాంటిస్ బోర్డు, పక్కింట్లో ట్రంప్ బోర్డు, మధ్యలో ఎముకలు కొరికే చలి. మా రాష్ట్ర గవర్నర్ కిమ్ రెనాల్డ్స్ డిసాంటిస్‌కి మద్దతిచ్చిందని ట్రంప్ ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. ట్రంప్‌కి 51 శాతం వచ్చాక ఆ ఎదురింటి బోర్డు మర్నాడే మాయం. వాళ్ళు కాకస్‌లో చీటీ మీద రాసి వేస్తారు, పోస్టర్ కింద నిలబడరు, అంతవరకు నయం.

మాకు మాత్రం ఆ జిమ్ పోయింది. అందరికంటే ముందు అనే మర్యాద కూడా అయోవా డెమొక్రాట్లకి పోయింది. 2024లో కార్డు పోస్టులో తెప్పించుకుని, నింపి పంపడమే. ఈసారి మా ఆవిడకీ ఓటుంది. ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. నేను నాది రెండు నిమిషాల్లో నింపేసి ఆవిడ వైపు వంగాను.

"అటు తిరగండి" అని కార్డు మీద చెయ్యి అడ్డం పెట్టింది.